చక్రాల ఇల్లు – చలిరాత్రి

దక్కను పీఠభూమిపై నీటికి చలి శత్రువు కాదు. ఎండయు, అనావృష్టియు శత్రువులు. హైదరాబాదు నీటి చరిత్ర యంతయు ఈ రెండింటితో సాగిన పోరాటమే. గోలకొండ దుర్గమున నీటిని చక్రముల సాయమున అంచెలంచెలుగా పైకెత్తి, మట్టి గొట్టముల ద్వారా మహళ్ళకు పారించిరి. 16వ శతాబ్దిలో హుస్సేన్ సాగరము వెలసెను. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచివేసిన పిమ్మట, 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో శంషాబాదుకు సమీపమున హిమాయత్ సాగరము పూర్తియైనవి. గొట్టములో నీరు గడ్డకట్టునేమోయని ఈ నిర్మాతలలో ఎవ్వరును కలవరపడవలసిన పని లేకపోయెను. చలికి పేరుపడిన 1946 జనవరిలో సయితము నగరమున ఉష్ణమాపకము 6.1 డిగ్రీల సెల్సియస్ వద్దనే నిలిచినది.

అయినను ఈ ప్రసంగ విషయము మనకు దూరమైనది కాదు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది మొదలు తెలుగువారు అక్కడినుండియే శీతల దేశములకు బయలుదేరుచున్నారు. ఆ దేశములలో మోటారు వెనుక తగిలించుకొని పోవు చక్రాల ఇల్లు ఒక విహార సాధనము. అమెరికాలో దానిని ట్రైలర్ అందురు. ఇంగ్లండులో కారవాన్ అందురు. ఈ రెండవ మాట పారసీక భాషలోని ‘కార్వాన్’ నుండి వచ్చినదే. గోలకొండకు వచ్చు వర్తక బిడారులు విడిసిన చోటు నేటికిని హైదరాబాదులో కార్వాన్ అను పేరుతోనే నిలిచియున్నది. 1885లో గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు ఇంగ్లండులో విహారమునకై గుఱ్ఱములు లాగు చక్రాల ఇంటిని కట్టించుకొనెను. నాటి బిడారు నీటిని తిత్తులలో మోసెను. నేటి బండి నీటిని సన్నని గొట్టములలో మోయుచున్నది. చిక్కు అక్కడనే ఉన్నది.

నీరు గడ్డకట్టునప్పుడు దాని పరిమాణము సుమారు నూటికి 9 వంతులు పెరుగును. పెరిగిన మంచుగడ్డకును, మూసియున్న కొళాయికిని నడుమ చిక్కుకొన్న నీటిపై ఒత్తిడి హెచ్చి గొట్టము పగులును. కావున మంచు ఒకచోట పుట్టగా, పగులు మరియొకచోట కనబడుట కలదు.

మరి నీరు ఎట్టి రాత్రి గడ్డకట్టును? దీనికి సమాధానము మన దేశపు పనివారికి ఏనాడో తెలియును. అలహాబాదు ప్రాంతమున మంచుగడ్డ తయారుచేయు పద్ధతిని సర్ రాబర్ట్ బార్కర్ అను ఆంగ్ల సేనాని వర్ణింపగా, 1775లో లండను రాయల్ సొసైటీ ప్రకటించెను. సుమారు 30 అడుగుల చతురముగా, 2 అడుగుల లోతున గోతులు త్రవ్వెడివారు. అడుగున ఎండిన చెఱకు దంట్లను గాని, మొక్కజొన్న దంట్లను గాని మందముగా పఱచి, వానిపై లోతు తక్కువైన మట్టి మూకుళ్ళను వరుసగా పేర్చెడివారు. సందెవేళ కాచి చల్లార్చిన నీటిని వానిలో పోసి, తెల్లవారకముందే మంచుగడ్డను ఏరుకొనెడివారు. గాలి అంత చల్లబడని రాత్రులందును మూకుళ్ళలో మంచు పేరుకొనెడిది. మబ్బులేని ఆకాశమునకు నీరు తన వేడిని వెదజల్లుకొనును. దంట్లు నేలలోని వేడిని పైకి రానీయవు. చెమర్చిన మట్టిపాత్ర మరికొంత వేడిని కోల్పోవును. 1814లో విలియం చార్లెస్ వెల్స్ తుషార బిందువులపై వ్రాసిన గ్రంథము ఇట్టి రాత్రి చలికి శాస్త్రీయమైన కారణమును విప్పి చెప్పెను.

పలుచని నీరు, కదలని నీరు, ఆకాశమునకు తెఱచియున్న నీరు, నేల వేడి అందని నీరు: మంచుగడ్డకు కావలసినవి ఈ నాలుగే. చక్రాల ఇంటిలో ఈ నాలుగును ఒకేచోట చేరినవి. గొట్టము సన్నము, రాత్రి వాడుక లేక నీరు నిశ్చలము, బయటి రబ్బరు గొట్టము ఆకాశము క్రింద పడియుండును, చక్రములు ఇంటిని నేలనుండి వేఱు చేసి, అడుగున గాలికి దారి ఇచ్చును.

కాబట్టి గొట్టమును కాపాడు విద్య, మంచుగడ్డ చేయు విద్యను తలక్రిందులు చేయుటయే. రాత్రికి ముందు బయటి రబ్బరు గొట్టమును విప్పి, నీరు వంపి, లోపలి తొట్టి నీటినే వాడుకొనవలెను. బండి చుట్టును నేలవఱకు తెర కట్టినచో నేల వేడి అడుగున నిలుచును. గొట్టములున్న అలమర తలుపులు తెఱచియుంచినచో గది వెచ్చదనము వానికి అందును. బయటి గొట్టమును విప్ప వీలులేనిచో కొళాయిని సన్నని ధారగా వదలవలెను. కదలిక వలన చలి పట్టు తగ్గును, ఒత్తిడికి దారి దొరకును. అయితే వాడిన నీటి తొట్టి నిండకుండ చూచుకొనవలెను. బండిని శీతకాలమంతయు నిలిపియుంచువారు వేడినీటి తొట్టితో సహా నీరంతయు తీసివేసి, గాలితో ఊదించి, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసిన ద్రవమును గొట్టములలో నింపుదురు. మోటారు ఇంజనులలో పోయు ఎథిలీన్ గ్లైకాల్ విషము; త్రాగునీటి గొట్టములలో దానిని ఎన్నడును పోయరాదు.

ఇది విహారయాత్రికులకు మాత్రమే పనికివచ్చు సంగతి కాదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమును తీవ్రమైన చలి పట్టి, లక్షలాది ఇండ్లకు విద్యుత్తు నిలిచిపోయెను. గొట్టములు పగిలి ఇండ్లు నీటిపాలైనవి. తెలుగు కుటుంబములు పెక్కు నివసించు డాలస్, హ్యూస్టన్ ప్రాంతములును ఈ చలి వాత పడెను. అచటి ఇండ్లును మన ఇండ్లవలెనే ఎండను తలచి కట్టినవి; పెక్కింట గొట్టములు వెచ్చదనము లేని అటకలలో సాగును. అట్టి రాత్రి మొదట తెలియవలసినది ఒక్కటే: ఇంటికి నీరు వచ్చు ప్రధాన కవాటము ఎక్కడ ఉన్నది, దానిని ఎట్లు కట్టవలెను?

శంషాబాదునుండి ఎగురు విమానమును ఇదే నియమమును పాటించును. 10 కిలోమీటర్ల ఎత్తున బయటి గాలి సున్నాకు దిగువ 50 డిగ్రీల చలితో ఉండును; అందుచే వాడిన నీరు వెలికి పోవు నాళమును విద్యుత్తుతో వేడిచేయుదురు. గడ్డకట్టు చలిలో రాత్రి నిలిచియుండు విమానపు తొట్లలోని నీటిని ముందుగా తీసివేయుదురు. ఎండను ఎదిరించుటకు మన పెద్దలు నీటిని నిలువచేయ నేర్చిరి. చలిని ఎదిరించుటకు నీటిని సకాలమున విడిచిపెట్టుటయు నేర్వవలెను.