మరచీల : రాతిగోడలయందును కాంక్రీటునందును దాని చరిత్ర

ఇటుక, రాయి, కాంక్రీటు మొదలగు కఠినపదార్థములతో కట్టిన గోడలకు తలుపు చట్రములను, దీపపు పలకలను, నీటిగొట్టములను, అరలను బిగించుటకై వాడబడు మర తిరిగిన లోహపు చీలకు మరచీల యని పేరు. తాపీపనివారును విద్యుత్పనివారును దీనిని స్క్రూ అనియే వ్యవహరింతురు. కొయ్యలో దిగునపుడు మరచీల తన దారిని తానే చేసికొనును; రాతిలో దిగునపుడు దానికి దారిని ముందుగా తొలిచి యుంచవలెను. ఈ భేదమువలననే గోడకు బిగించు మరచీల చరిత్రలో చీలకంటె రంధ్రమునకే ప్రాధాన్యము హెచ్చు. చీలను చేయువాడు కర్మాగారమున నున్నాడు. రంధ్రమును చేయువాడు నిచ్చెనపై నిలిచి, తలపై ధూళి రాలుచుండగా, చేతికందిన పనిముట్టుతో పని సాగించును. బలమంతయు నీ రెండవవాని చేతిలోనే యున్నది.

కట్టడములలో లోహమును రాతితో బంధించు విద్య మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దిలో ఏథెన్సు నగరమున పార్థెనాను దేవాలయమును కట్టిన శిల్పులు, చలువరాతి దిమ్మెలకు గాడులు చెక్కి, వానిలో ఇనుప బందుల నిమిడ్చి, చుట్టును కరగిన సీసము పోసిరి. సీసము ఇనుమునకు నీరు తగులనీయక కాపాడుటయే గాక, భూకంపముల యదటును కొంతవరకు తానే భరించెను. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున ఆ దేవాలయమును పునరుద్ధరించిన నికొలాస్ బలానోస్ కొత్త ఇనుప బందులను ఆ జాగ్రత్త లేకయే విరివిగా వాడగా, అవి త్రుప్పుపట్టి, ఉబ్బి, రెండువేల యేండ్లకు పైగా నిలిచిన రాళ్ళను పగులగొట్టినవి. ఇనుము త్రుప్పుగా మారినపుడు దాని పరిమాణము రెండుమొదలు ఆరు రెట్లవరకు పెరుగును. ఆ పెరుగుదల కెడమిచ్చు చోటు రాతిలో లేదు. తరువాతి తరమువారు ఆ ఇనుమును తొలగించి టైటానియము బందులను అమర్చుచు వచ్చిరి. ఇనుము రాతిని కాపాడవలెనన్న ముందు ఇనుమును నీటినుండి కాపాడవలెనన్న పాఠము ఈ విధముగా రెండు మారులు నేర్వబడెను. రెండవమారు వెల మిక్కుటమైనది.

తెలుగుదేశమునందు 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి మొదలుగా కాకతీయుల కట్టడములలో రాతిపై రాయి కదలకుండుటకు ఇనుప చీలలను, బందులను వాడిన జాడలు కలవు. అయినను ఆ కట్టడముల స్థైర్యము ప్రధానముగా రాతి భారముచేతను, రాతిని రాతిలో ఇమిడ్చిన పొందికచేతను సిద్ధించినదే గాని, ఇనుముచేత సిద్ధించినది కాదు. ఇనుము అక్కడ సహాయకారి మాత్రమే.

ఇనుమును విరివిగా ప్రసాదించిన నేల వేరొకచోట నున్నది. ఛత్తీస్‌గఢ రాష్ట్రమున, పూర్వపు బస్తరు సంస్థానపు దక్షిణపు టంచున, నేటి సుక్మా జిల్లా కోంటా ప్రాంతమునకు చెందిన గొల్లపల్లి పరిసరములలో తెలుగును, దోర్ల గిరిజనుల మాటయు చెవిని పడుచుండును. శబరీనది ఆ సీమను ఒరసికొని పారి కూనవరమువద్ద గోదావరిలో కలియును. ఆ యడవిపల్లెలలో ఇల్లనగా నిట్రాళ్ళు పాతి, దూలము లెత్తి, తడికకు మట్టి మెత్తి, పైన ఆకునో పెంకునో కప్పిన కట్టడము. అట్టి యింటిలో మరచీలకు పనిలేదు. వ్రేలాడదీయవలసినదేదైనను నిట్రాటికి త్రాటితో కట్టుదురు, లేదా కొయ్యలో మేకు కొట్టి తగిలింతురు. మట్టిగోడ భారము మోయునది కాదు గనుక దానిని ఎవ్వరును ఆ పని యడుగరు. బస్తరు కమ్మరులు ముడిరాతిని కరగించి ఇనుము తీసి, గొడ్డళ్ళను, నాగటి కఱ్ఱులను, దీపపు సెమ్మెలను చేసిన నేర్పరులే యైనను, వారి కొలిమిలో మర తిరిగిన చీల పుట్టవలసిన యవసరమే కలుగలేదు. సిమెంటుతో పాఠశాల గదియు, ఆరోగ్యకేంద్రమును, ప్రభుత్వ గృహములును వచ్చిన తరువాతనే అక్కడను గోడకు రంధ్రము చేయవలసిన కాలము వచ్చినది.

ఇటుకయు డంగుసున్నమును రాజ్యమేలిన దినములలో గోడకు చీల బిగించు పద్ధతి సర్వత్ర యొక్కటే. ఉలితో చతురస్రమైన గుంట చేసి, అందు ఎండిన టేకుముక్కను సమ్మెటతో దిగగొట్టి, ఆ కొయ్యకు చీల బిగింతురు. గోడ కట్టుచుండగనే కావలసినచోట కొయ్యదిమ్మెను ఇటుకవలె వరుసలో నుంచుట ఇంతకంటె మేలైన పద్ధతి. కాని ఈ ఉపాయమునకు రెండు శత్రువులు గలవు. కొయ్య వానకాలమున ఉబ్బి, ఎండకాలమున క్రుంగి, కొన్ని యేండ్లకు గుంటలో వదులగును. రెండవ శత్రువు చెద. ఎదుటికి సలక్షణముగ కనబడు తలుపు చట్రము ఒకనాడు గోడనుండి సమూలముగా ఊడివచ్చుట, లోపలి కొయ్య పిండియై యుండుట, పాతయిండ్లలో అరుదు కాదు.

మరచీలను యంత్రమున చేయు ప్రయత్నము ఇంగ్లండులో 1760లో జాబ్ వయట్, విలియం వయట్ సోదరుల పేటెంటుతో నారంభమయ్యెను. ఆనాటి చీలకు మొన లేదు, మొద్దుగా నుండెడిది, కావున కొయ్యలో సైతము దాని నిడివి మేరకు బెజ్జము చేయక తప్పెడిది కాదు. మొనగల చీలను చేయు యంత్రమునకు అమెరికాలో థామస్ స్లోన్ 1846లో పేటెంటు పొందగా, ఆ హక్కులను కొని బర్మింగుహాము నగర సమీపమున నెటిల్‌ఫోల్డ్, చేంబర్లేన్ కుటుంబములవారు 1854లో గొప్ప కర్మాగారమును స్థాపించిరి. పిమ్మట ఆ సంస్థ గెస్ట్, కీన్ సంస్థలతో కలిసెను; దాని భారతీయశాఖ గెస్ట్ కీన్ విలియమ్స్ హౌరాలో వెలసి, మన వడ్రంగుల సంచులకు మరచీలలను చిరకాలము సరఫరా చేసెను.

చీల సులభమైనను గుంట సులభము కాలేదు. ఆ చిక్కును తీర్చినవాడు జాన్ జోసెఫ్ రాలింగ్స్ అను ఆంగ్లేయుడు. లండనులోని బ్రిటిష్ మ్యూజియము గోడలకు విద్యుత్పరికరములను, గోడ చెడకుండ, కంటికి మోటుగా కనబడకుండ బిగింపవలసిన పని యతని సంస్థకు రాగా, చతురస్రపు గుంటకు మారుగా సన్నని గుండ్రని రంధ్రము చేసి, అందు జనపనారను జంతురక్తముతో అంటించి చేసిన చిన్న గొట్టమును చొప్పించి, దానిలో మరచీలను త్రిప్పు ఉపాయమును అతడు కనుగొనెను. 1911లో దరఖాస్తు చేసిన పేటెంటు 1913లో లభించెను. చీల లోపలికి దిగినకొలది నార నలుదెసల విచ్చుకొని, గొడ్డలి కామకు కొట్టిన చెక్కవలె, రంధ్రపు గోడలను ఒత్తి పట్టుకొనును. ఆ ఒరిపిడియే బంధమగును. నెల్లిమర్ల, చిట్టివలసలలో జనపనార మిల్లులు వెలసిన ఉత్తరాంధ్రమునందు ఆ నారతో గోనెలు నేసితిమేగాని, గోడకు బిరడా చేయవచ్చునన్న తలంపు మనకు పొడమకపోవుట యాశ్చర్యము కాదు. మన యిండ్లలో అప్పటికి బిగింపవలసిన విద్యుద్దీపములెన్ని?

స్వాతంత్ర్యానంతరము భారతీయ ప్రమాణముల సంస్థ, ఘనమైన గోడలు, పైకప్పులు, నేలలయందు బిగింపు సాధనములను వాడు విధమును గూర్చి 1961లో ఐ.ఎస్. 1946 అను సంఖ్యతో నియమావళిని ప్రకటించెను. ఒక చిన్న చీల కొఱకు ప్రత్యేక నియమావళి యేల యని నవ్వువారుందురు. కప్పునుండి వ్రేలాడు పంఖా క్రింద మంచము వేసికొని నిద్రించువారు నవ్వరాదు.

రంధ్రము చేయు సాధనము మారిన విధము ఇంకను విపులముగా చెప్పదగినది. ఉలిని వ్రేళ్ళతో కొంచెము కొంచెముగా త్రిప్పుచు, ప్రతి త్రిప్పునకును సుత్తితో నొక దెబ్బ వేయుట పూర్వపద్ధతి. రాతిని కొయ్యవలె కోసి తొలుచుట సాధ్యము కాదు. దెబ్బతో నలుగగొట్టి, నలిగిన పొడిని బయటికి త్రోయవలెను. త్రిప్పుట, కొట్టుట అను ఈ రెండు క్రియలను ఒకే విద్యుద్యంత్రమున సమకూర్చి జర్మనీలోని బాష్ సంస్థ 1932లో విద్యుత్‌సుత్తిని వెలువరించెను. అంతకు కొలది యేండ్ల ముందు, 1920ల దశకమున, క్రుప్ప్ సంస్థ టంగ్‌స్టన్ కార్బైడును విపణికి తెచ్చియుండుటచేత, ఉక్కు మొన క్షణములో మొద్దువారు నల్లరాతి కంకరపైకూడ నిలువగల మొన లభించెను. ఈ రెండును కలియనిచో కాంక్రీటులో మరచీల యను మాటయే పుట్టియుండదు.

1958లో జర్మనీ దేశస్థుడగు ఆర్థర్ ఫిషర్ నారకు బదులు నైలానుతో బిరడాను చేసెను. తుంలింగెన్ గ్రామమున దర్జీ కుమారుడై 1919లో జన్మించిన ఇతడు వేయికి పైగా పేటెంట్లు గడించి 2016లో మరణించెను. నైలానునకు చెదపట్టదు, అది కుళ్ళదు; ముందుభాగము చీలియుండి చీల దిగగానే విచ్చుకొనును; ప్రక్కలనున్న చిన్న రెక్కలు బిరడా రంధ్రములో తిరుగకుండ అడ్డుకొనును. మన అంగళ్ళలో అమ్ము చవుక ప్లాస్టికు గిట్టీలు దీనికి దూరపు బంధువులే. 8 నంబరు చీలకు, అనగా సుమారు 4.2 మిల్లీమీటర్ల మందము గలదానికి, 6 మిల్లీమీటర్ల గిట్టీ వాడుట వాడుకైన పద్ధతి.

బిరడా లేకయే కాంక్రీటును నేరుగ పట్టు మరచీల 1970ల దశకమున అమెరికాలో విపణికి వచ్చెను. నీలిపూతగల టాప్‌కాన్ దానికి ప్రసిద్ధోదాహరణము. గట్టిపరచిన ఉక్కుతో చేయబడిన దీని మరలు రంధ్రపు గోడలో తామే గాళ్ళు కోసికొని దిగును. ఒత్తిడిచేతగాక, మర గాడిలో ఇమిడియుండుటచే నిలుచును గనుక చుట్టునున్న కాంక్రీటును ఉబ్బించి పగులగొట్టు భయము తక్కువ. పావంగుళపు మరచీలకు అంగుళములో పదునారింట మూడువంతుల రంధ్రము కావలెను. కాంక్రీటులోనికి అంగుళమునకు తక్కువగాక, గరిష్ఠముగా ఒకటిముప్పావు అంగుళములవరకు దిగవలెను. రంధ్రము మాత్రము అంతకంటె మరి పావంగుళమైనను లోతుగా నుండవలెను, కోయబడిన పొడి పేరుకొనుటకు అడుగున చోటు వలయును గదా. అరిగిన మొనతో చేసిన రంధ్రము ఇరుకై చీలను విరుచును. చేయి వణకి పెద్దదైన రంధ్రములో చీల ఊరక తిరుగును. పొడిని ఊది తీయక బిగించువాడు తన శ్రమలో సగమును వ్యర్థపరచుకొనును. చీల తల ఆనిన పిదప, ఇంకను బలముండవలెనని యంత్రమును మరి నాలుగు చుట్లు త్రిప్పు పనివాడు, తాను కోసిన గాళ్ళను తానే పొడిచేయుచున్నాడని యెఱుగడు. ఈ దోషము పైకి కనబడదు. అందుచేతనే మిక్కిలి ప్రమాదకరము.

చీలను ఎన్నుకొనుటకు ముందు గోడను తెలియవలెను. నల్లరాతి కంకరతో పోసిన స్తంభములలోను దూలములలోను కాంక్రీటు చీల నిరపాయముగా నిలుచును. కాంక్రీటులోని ఇనుప కడ్డీ తగిలినచో బలవంతము చేయక రంధ్రమును ప్రక్కకు జరుపవలెను. అంచునకు చీల మందమునకు అయిదు రెట్లకంటె, ఒక చీలకు మరియొక చీల పదిరెట్లకంటె దగ్గరగా నుండకుండుట సామాన్యనియమము. గోదావరీ తీరపు నాటు ఇటుక యొక్కొక్క బట్టీలో నొక్కొక్క తీరుగా కాలును. మెత్తని యిటుకను యంత్రపు సుత్తిదెబ్బతో తొలిచిన అది లోపల చితికిపోవును, కావున దెబ్బ నాపి త్రిప్పుడుతోనే తొలుచుట మేలు. సున్నము లేక సిమెంటు పట్టిన అతుకులో కంటె ఇటుక నడుమ తొలుచుట ఉత్తమము. విద్యుత్కేంద్రముల బూడిదతో చేసిన ఇటుకలకును ఇదియే వర్తించును. గాలిబుడగలతో తేలికపరచిన దిమ్మెలలో మాత్రము కాంక్రీటు చీల గాడిని పట్టదు. వానికి పొడవైన నైలాను బిరడాలే శరణ్యము. ఇక పూత మందమును మరచి కొలత వేయుట మన యిండ్లలో సర్వసాధారణమైన పొరపాటు. అంగుళమంతటి సిమెంటు పూత ఏ బలమును ఈయదు. చీల పొడవును దానికి లోపలనుండి లెక్కింపవలెను.

తేమ నిండిన అడవిసీమలో మరియొక చిక్కు కలదు. కాఠిన్యము కొఱకు గట్టిపరచిన ఉక్కు, తడిలో త్రుప్పుపట్టునపుడు పుట్టు ఉదజనిని పీల్చి పెళుసై, హఠాత్తుగా విరుగవచ్చును. కావున బయటి గోడలకు తుప్పుపట్టని ఉక్కుతో చేసినవి వాడుదురు. అవి కాంక్రీటును కోయునంత గట్టివి కావు గనుక వాని కొనకు గట్టి ఉక్కుమొన నతుకుదురు. వెల హెచ్చని యీ చీలలను విడిచి, పూతగల చవుక చీలలతో ఆరుబయట పని ముగించు గుత్తేదారుల పొదుపు రెండు వర్షాకాలములవరకు సాగును.

గొల్లపల్లికి ఉత్తరమున బైలదిలా కొండలలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968 మొదలుగ త్రవ్వుచున్న ఇనుపరాయి, కిరండూల్–కొత్తవలస రైలుమార్గమున విశాఖపట్టణము చేరును. కొంత జపానుకు ఓడలకెక్కినది. 1992లో జాతికంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారమున కొంత కరగినది. ఆ కర్మాగారము చేయు ఉత్పత్తులలో ఉక్కు తీగచుట్టలు కలవు. మరచీల పుట్టుక అట్టి తీగనుండియే: తీగను తునిమి, చల్లగా నుండగనే తల కొట్టి, రెండు పలకల నడుమ దొర్లించి మర దీయుదురు. జగదల్‌పురమునుండి సుక్మా, కోంటాల మీదుగా భద్రాచలము చేరు 30వ జాతీయ రహదారి వెంట అవి సిమెంటు బస్తాలతోపాటు తరలివచ్చును. కొండనుండి రాయిగా వెడలిన ఇనుము ఇంత చుట్టు తిరిగి తిరిగివచ్చుటకు పెట్టిన వ్యయమును బస్తరు వినియోగదారుడే భరించును.

మిక్కిలి బరువునకు రసాయన బంధములు కూడ కలవు. రంధ్రములో జిగురుపోసి కడ్డీని నాటుదురు. ఇవి బలమైనవేగాని నిరంతరభారముక్రింద కొన్ని జిగురులు మెల్లమెల్లగా సాగును. 2006 జూలైలో అమెరికాలోని బోస్టన్ సొరంగమున కప్పుపలక లూడిపడి ఒకరు మరణించుటకు ఇట్టి సాగుడే కారణమని విచారణలో తేలెను. 2012 డిసెంబరున జపానులోని ససాగో సొరంగమున జిగురుతో నాటిన మరబోల్టులు ఊడి కప్పు కూలగా తొమ్మిదిమంది మృతి చెందిరి. 2014 నుండి ఆ దేశమున సొరంగములను అయిదేండ్లకొకమారు దగ్గరనుండి పరీక్షించు నియమమేర్పడెను. జిగురులో నాటినదానిని విప్పి చూడలేము. కాంక్రీటు చీలను విప్పవచ్చును. కాని ఒకమారు తీసిన చీల మరలు అరిగియుండును గనుక దానినే మరల అదే రంధ్రమున బిగింపక, దగ్గర వేరొక రంధ్రము చేసి క్రొత్త చీలను దింపుట, చోటు లేనపుడు అదే రంధ్రమును పెద్దదిచేసి పెద్దకొలత చీలను వాడుట అనుభవజ్ఞులు పాటించు పద్ధతి.