పడవ సీట్ల వినైల్: మొండి మురికి, శుభ్రత

పడవ సీట్లకు, వీపు దిండ్లకు, పక్క మెత్తలకు తొడిగే వినైల్ అంటే పాలీవినైల్ క్లోరైడ్, పొట్టిగా పీవీసీ, పూసిన గుడ్డ. మన ఆటోలకూ బస్సులకూ వేసే రెక్సిన్ కూడా చాలావరకు ఇదే జాతి సరుకు. కాకపోతే పడవలో ఎండనూ, ఉప్పునీటినీ, ఆరని తడినీ తట్టుకోవాలి గనుక ఆ రకంలో అతినీలలోహిత కిరణాల దెబ్బను తగ్గించే రసాయనాలు, బూజును నిలవరించే మందులు కలుపుతారు. అమెరికా సరస్సుల మీద తిరిగే పాంటూన్ బోట్ల నుంచి ఫ్లోరిడా తీరంలో చేపల వేటకు వెళ్లే చిన్న పడవల దాకా ఎక్కువ సీట్లకు ఉండేది ఈ తొడుగే. చలికాలమంతా కప్పు కింద పడి ఉన్న పడవను వసంతంలో తెరిస్తే తెల్లటి సీట్లు జిడ్డుతో, నల్లటి చుక్కలతో గుర్తుపట్టలేనట్టు ఉంటాయి. అప్పుడు చాలామంది వేసుకునే లెక్క ఒకటే: మురికి ఎంత మొండిదైతే మందు అంత ఘాటుగా ఉండాలి. ఈ లెక్క తప్పు. చూడాల్సింది మురికి ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది. పైన పేరుకున్నదానికి ఘాటు మందు అక్కర్లేదు. లోపలికి దిగినదానికి ఏ ఘాటూ పనిచేయదు.

ఇందుకు కారణం ఆ పదార్థం నిర్మాణంలోనే ఉంది. పీవీసీ నిజానికి గట్టి సరుకు. నీటి పైపులు చేసేది దానితోనే. 1926లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరంలో, బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేస్తున్న వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తేలిగ్గా ఆవిరికాని ద్రావకంలో వేడిచేస్తే, రబ్బరులా వంగి సాగే ముద్ద తయారైంది. నేటి ప్లాస్టిసైజర్లు చేసే పని కూడా అదే. మెత్తని వినైల్ బరువులో మూడో వంతు దాకా ఇవే ఉండవచ్చు. పీవీసీ అణువుల గొలుసుల మధ్య దూరి వాటిని ఒకదాని మీద ఒకటి జారనిస్తాయే తప్ప వాటితో రసాయన బంధం కట్టుకోవు. బంధం లేనిది కాలక్రమంలో బయటికి వచ్చేయగలదు. వచ్చేస్తే సీటు బిగుసుకుపోయి, పెళుసుబారి, కుట్ల దగ్గర పగులుతుంది. అలా రాకుండా, బయటి మురికి లోపలికి దిగకుండా తయారీదారులు అన్నిటికన్నా పైన ఒక పల్చటి రక్షణ పూత వేస్తారు. దాని మందం కొన్ని మైక్రాన్లే, మనిషి వెంట్రుక కన్నా చాలా తక్కువ. సీటు ఎన్నేళ్లు మన్నుతుందన్నది చాలావరకు ఈ పూత మీదే ఆధారపడి ఉంటుంది. శుభ్రం చేసేవాడి చేతిలోని ప్రతి వస్తువునూ ఈ పూతను ఏం చేస్తుందన్న ప్రశ్నతోనే కొలవాలి.

మురికి అని ఒక్క మాటలో తేల్చేసేదాంట్లో నిజానికి నాలుగైదు రకాలు కలిసి ఉంటాయి. దుమ్ము, ఎండిన ఉప్పు, చేప రక్తం, చెమట, తోలును పోలేలా అచ్చువేసిన సన్నని గీతల్లో ఇరుక్కునే మట్టి, ఇవన్నీ ఉపరితలం మీదివి. సన్‌స్క్రీన్ కథ వేరు. అందులోని నూనెలు వినైల్‌కు అతుక్కుంటాయి. పైగా అవోబెంజోన్ అనే ఎండనిరోధక రసాయనం ఇనుము కలిసిన నీరు తగిలితే పసుపు, నారింజ రంగు మరకగా మారుతుంది. దోమల మందులో వాడే డీట్ ఇంకా ప్రమాదకరం. అది ప్లాస్టిక్‌ను మెత్తబరచగల ద్రావకం, కాబట్టి అది చేసేది మరక కాదు, గాయం. బూజు మరో రకం. అది కేవలం సీటు మీది దుమ్మునూ జిడ్డునూ తిని బతుకుతుందనుకుంటే పొరపాటు. మెత్తని పీవీసీ మీద శిలీంధ్రాలు ఎలా స్థిరపడతాయో పరిశీలించి మాంచెస్టర్ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరియోబాసిడియం పులులాన్స్ అనే శిలీంధ్రం ముందుగా చేరి, అందులోని ప్లాస్టిసైజర్‌నే ఆహారంగా వాడుకోగలదని తేలింది. అంటే బూజును వదిలేయడం చూపుకు సంబంధించిన సమస్య మాత్రమే కాదు, వినైల్ మెత్తదనాన్ని దానికి మేత వేయడమే.

పైనున్న మురికికి చేయాల్సింది ఓపికతో కూడిన మామూలు పని. ముందు మంచినీటితో ఉప్పూ ఇసుకా కడిగేయాలి; ఇసుక ఉండగా తోమితే అది గరుకు కాగితంలా పూతను గీసేస్తుంది. తర్వాత గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు కలిపి, మెత్తని కుచ్చు బ్రష్షుతో చిన్న చిన్న భాగాలుగా, గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. గుడ్డ గీతల అడుగుకు చేరదు, గట్టి పీచు పూతను వదలదు. అందుకే మెత్తని బ్రష్షు. నురుగును అయిదారు నిమిషాలు అలాగే ఉంచి తుడిచి, మళ్లీ మంచినీటితో కడగాలి. ఇదంతా నీడలోనే చేయాలి. ఎండలో కాలిపోతున్న సీటు మీద సబ్బు క్షణాల్లో ఆరిపోయి తానే మరకవుతుంది. దట్టంగా పట్టిన మురికి ఒక్కసారికి వదలదు. రెండోసారి, మూడోసారి అదే నీళ్లతో తోమడం విసుగు పుట్టించవచ్చు గానీ, మొదటి విడతలోనే మందు మార్చడం కన్నా అదే మేలు.

దీనికి వచ్చే ప్రధాన అభ్యంతరం బ్లీచ్. నల్ల చుక్కల మీద చల్లితే నిమిషాల్లో మాయమవుతాయి, ఇక సబ్బుతో తంటాలెందుకు అంటారు. ఇందులో కొంత నిజముంది: బ్లీచ్ బూజును చంపుతుంది, దాని రంగును విరిచేస్తుంది, ముదిరిన బూజుకు బాగా పల్చన చేసిన బ్లీచ్ వాడవచ్చని కొందరు వినైల్ తయారీదారులే చెబుతారు. అయితే ఆ అనుమతి వెంట షరతులున్నాయి: ఒకటికి పది వంతుల నీరు కలపాలి, కొద్దిసేపే ఉంచాలి, పూర్తిగా కడిగేయాలి. ఆచరణలో జారిపోయేది ఈ చివరిదే. కుట్ల రంధ్రాల్లోకి దిగిన ద్రవాన్ని పై నుంచి పోసే నీరు బయటికి తేలేదు. అక్కడ నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది, దాని క్షారగుణం ఎండతో కలిసి దారాన్ని బలహీనపరుస్తుంది. తళతళలాడే సీటు కుట్లు విడిపోయి నోరు తెరవడానికి ఇదొక మార్గం. దీనికన్నా నెమ్మదైన ఉపాయం ఒకటి అమెరికన్ పడవల మాన్యువళ్లలో కనిపిస్తుంది: ముప్పావు కప్పు నీరు, పావు కప్పు హైడ్రోజన్ పెరాక్సైడ్, ఒక టేబుల్ స్పూను అమ్మోనియా. ముందుగా కనిపించని మూల మీద పరీక్షించి వాడితే చాలా బూజు మరకలకు ఇది సరిపోతుంది. దీన్నీ బ్లీచ్‌నూ ఒకే పూట, ఒకే సీటు మీద వాడకూడదు. బ్లీచ్‌కు అమ్మోనియా తగిలితే క్లోరమిన్ వాయువులు, వెనిగర్ తగిలితే క్లోరిన్ వస్తాయి; పడవ క్యాబిన్ లాంటి ఇరుకు చోట ఇది ప్రాణం మీదికి తెచ్చే పని.

రెండో అభ్యంతరం మ్యాజిక్ ఇరేజర్ పేరుతో అమ్మే మెలమైన్ స్పాంజి గురించి. మందే లేదు, వట్టి నీళ్లే కదా, హాని ఏముంటుందని వాదన. అది శుభ్రం చేసేది రసాయనంతో కాదు, అరగదీసి. మురికితోబాటు పూతను కూడా రవ్వంత గీకుతుంది. ఒక్క పెన్ను గీతకు ఒకసారి వాడితే పెద్ద నష్టం లేకపోవచ్చు; సీటంతా ఏటా దానితోనే రుద్దితే మెరుపు పోయి, మరుసటి ఏడాది మురికి ముందుకన్నా త్వరగా, లోతుగా పడుతుంది. అంటే అది పనిచేస్తున్నట్టు కనిపించడమే దాని మీద ఆధారపడేలా చేస్తుంది. అసిటోన్, థిన్నర్, పెట్రోలు విషయంలో చర్చే అక్కర్లేదు. అవి పూతను కరిగించి ప్లాస్టిసైజర్‌ను లాగేస్తాయి. ప్రెషర్ వాషర్ నీటిని కుట్లలోంచి లోపలి ఫోమ్‌లోకి నెడుతుంది, పైన మురికి పోయి కింద బూజుకు నీరు పోసినట్టవుతుంది.

ఆ కింది తడి నుంచే పడవ యజమానులను అన్నిటికన్నా విసిగించే గులాబీ మరక పుడుతుంది. ఫోమ్‌లోనో, దాని అడుగు ప్లైవుడ్ మీదో, గుడ్డ వెనకనో పెరిగే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు స్రవించే రంగు, ప్లాస్టిసైజర్‌లో కరిగి వినైల్ గుండా పైకి పాకుతుంది. పరిశ్రమకు ఇది ఎంత పెద్ద తలనొప్పంటే, దీన్ని తట్టుకునే శక్తిని కొలవడానికే ఈ1428 అనే ఏఎస్‌టీఎం ప్రమాణ పరీక్ష ఒకటుంది. ఈ రంగు వినైల్ మీద లేదు, వినైల్‌లో ఉంది. బ్లీచ్ కొట్టినా, స్పాంజితో గీకినా పూత పోతుంది తప్ప మరక పోదు. కాస్త వెలిసినట్టు కనిపించినా, కింద తడి ఉన్నంతకాలం మళ్లీ తేలుతుంది. రబ్బరు చాపల నుంచి వినైల్‌లోకి పాకిన గోధుమ మరకలదీ, ఏళ్లుగా నిలిచిపోయిన జీన్స్ రంగుదీ దాదాపు ఇదే స్థితి.

అందుకే కడగడమెంత ముఖ్యమో ఆరబెట్టడం అంతకన్నా ముఖ్యం. విడదీయగల దిండ్లను నిలబెట్టి గాలికి పెట్టాలి, నీరు దిగే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి, గాలాడే గుడ్డతోనే పడవను కప్పాలి. ప్లాస్టిక్ షీటు కింద తడి సీటును మూసిపెట్టడం బూజును పెంచడమే. అప్పటికే గులాబీ రంగు తేలిన మెత్తకు మాత్రం సీసాలో దొరికే మందు లేదు. తొడుగు విప్పి, తడిసిన ఫోమ్ తీసేసి, ప్లైవుడ్ పుచ్చితే అదీ మార్చి, కొత్త వినైల్ వేయించాల్సిందే.