ఉప్పెనకు అందని నకలు

కృష్ణ నీరు అన్నము పెట్టునని డెల్టాలో పుట్టిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ నీరే ఒక్క రాత్రిలో సర్వస్వము కొనిపోవుననియు మనమెరుగుదుము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది మరణించిరని అంచనా. 1977 నవంబరు 19న దివిసీమపై పడిన ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నది. పోయిన ప్రాణమునకు నకలు లేదు. కాని బ్రదికి బయటపడినవానికి మరియొక దుఃఖము మిగులును. పొలము దస్తావేజు, బాకీ పత్రము, అంగడి చిట్టా నీటిపాలైనపుడు తనది తనదని చూపుటకు ఆధారమేది?

ఈ వ్యాధికి మన పెద్దలెరిగిన మందొకటి కలదు. తాటాకు గ్రంథము శిథిలము కాకమునుపే క్రొత్త ప్రతి వ్రాయించుట వారి ఆచారము. బందరులోను ఉద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 19వ శతాబ్దములో పండితులకు జీతములిచ్చి, పలుచోట్ల ప్రతులు సేకరించి, పోల్చి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. రిజిస్ట్రారు కచ్చేరిలో దస్తావేజును పుస్తకమున కెక్కించుటయు ఈ జాగ్రత్తయే. ఇంటిలోని కాగితము పోయినను కచ్చేరి నకలు మనలను కాపాడును. అయితే ఇల్లు, కచ్చేరి రెండును ఒకే నీటిలో మునిగిన ఫలమేమి? నకలుండుట చాలదు; అది ఆ నీటికి అందని చోట ఉండవలెను.

నేడు లెక్కలు చిట్టాలను విడిచి కంప్యూటర్లలో చేరినవి. మొదట ఆ లెక్కలను అయస్కాంతపు టేపులపై నకలు తీసి వేరొక భవనమున దాచెడివారు. కాని యంత్రమే మునిగినచో, అట్టి యంత్రము మరల సమకూరువరకు టేపు మూగయే. బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు తప్ప ఇతరులు రెండవ యంత్రమును ఊరక నిలిపియుంచజాలకుండిరి.

ఈ చిక్కు విడిపోవుటకు రెండు మార్పులు తోడ్పడినవి. ఒక పెద్ద యంత్రమును పలు యంత్రములుగ పనిచేయించు విద్యను 1960ల లోనే ఐ.బి.ఎం. సంస్థవారు సాధించిరి. 1998లో నెలకొన్న వీఎంవేర్ సంస్థ దానిని సామాన్య కంప్యూటర్లకు తెచ్చినది. దానితో లెక్కలు, వానిని నడుపు ప్రోగ్రాములు కలిపి యంత్రము యావత్తును ఒక ఫైలుగ నకలు తీసి, వేరొకచోట లేపుట సాధ్యమైనది. 2006లో అమెజాన్ సంస్థ యంత్రశక్తిని గంటల లెక్కన అద్దెకిచ్చుట ఆరంభించినది. దీనినే క్లౌడు అందురు. పేరు మబ్బైనను, ఉన్నది గట్టినేలపై భవనములలోనే. ఆ సంస్థ కేంద్రములు 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను తెరువబడినవి. కనుక బెజవాడలోని లారీ కంపెనీయైనను, బియ్యపు మిల్లైనను తన నకలు నచ్చట నుంచి, దాచినంత కాలము కొద్దిపాటి అద్దె చెల్లించి, ఆపద వచ్చినపుడే యంత్రమును లేపుకొనవచ్చును.

అట్లు చేయగోరువాడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఎంత పని పోయినను ఓర్వగలము? ఎంతసేపు ఆగగలము? రాత్రికొకసారి నకలు తీసిన ఆనాటి బిల్లులన్నియు పోవును. నిమిషనిమిషమునకు తీసిన నష్టము స్వల్పము, ఖర్చధికము. మరియొక అపాయము కలదు. లేఖకుని తప్పు ప్రతిలోనికి ఎక్కినట్లే, చెరిపివేసిన లెక్క నకలులోను చెరిగిపోవును. కనుక పాతనాటి ప్రతులను కూడ కొన్ని దాచవలెను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగునగరము నీట మునిగినది. మరునాడు ప్రకాశం బ్యారేజి గుండ 11.43 లక్షల క్యూసెక్కులు పారినది. అట్టినాడు నకలు హైదరాబాదులో క్షేమముగ నున్నను, దానిని తెరచు రహస్యపదము మునిగిన గదిలోని పుస్తకమున నున్నచో ప్రయోజనమేమి? అది తెలిసినవా డొక్కడే ఆనాడు మేడపై చిక్కుకొనియుండినచో?

కావున నకలును ఏటికొకసారియైన లేపి, పని నడచునో లేదో చూచుకొనుట అవసరము. తుపాను మాసములకు ముందు గట్లు చూచుకొను డెల్టావారికి ఈ బుద్ధి మేము చెప్పవలసినది కాదు. ఇది కూడ ఒక గట్టే.