విద్యుచ్ఛాస్త్ర పట్టభద్రులు – పరదేశోద్యోగములు

మన పూర్వులు కొలువు కొఱకు పొలిమేర దాటుటయే గొప్పగా నెంచిరి. నేడు మన బిడ్డలు సముద్రములు దాటుచున్నారు. ఆ మార్గ మెట్లేర్పడెనో యెఱుగక బయలుదేఱువారు నష్టపడుచున్నందున, దాని చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

1929లో ఉస్మానియాయందును, 1946లో విశాఖపట్టణమున వెలసి పిదప కాకినాడ చేరిన కళాశాలయందును ఇంజనీరింగు విద్య తెలుగువారికి చేరువయ్యెను. విద్య లభించినను పరదేశద్వారములు తెఱచియుండలేదు. అమెరికా 1917 నాటి శాసనముచే మన దేశీయుల వలసను నిషేధించెను. 1946లో నిషేధము సడలినను ఏటికి నూర్గురకే చోటు దొరకెను. 1965 శాసనము జాతిని బట్టి వాటాలు వేయు పద్ధతిని తొలగించి, నైపుణ్యమునకు దారి చూపెను. పిమ్మట 1990 శాసనముచే హెచ్-1బి యను తాత్కాలికోద్యోగానుమతి యేర్పడెను. దాని పరిమితి ఏటికి 65,000. అచ్చటి ఉన్నతపట్టము గలవారికి 2004 శాసనము మఱి 20,000 చేర్చెను. దరఖాస్తులు మితిమీరిన యేండ్ల చీట్లు తీసి యెంపిక చేసిరి. 2025లో విదేశమునుండి క్రొత్తగా పిలిపించుకొను వారికై యజమానులపై లక్ష డాలర్ల రుసుము విధింపబడెను.

మేమెఱిగిన గృహస్థొకడు రెండెకరముల మాగాణి నమ్మి కుమారు నంపెను. దళారి “పట్టము చేతికందిన నుద్యోగము సిద్ధము” అని నమ్మబలికెను గాని గడువుల మాట చెప్పడాయెను. చదువు ముగిసినవారికి పండ్రెండు మాసములు పనిచేయ ననుమతి; 2016 నియమముచే ఇంజనీర్లకు మఱి యిరువదినాలుగు మాసములు. అయినను మొదటి గడువులో 90 దినములకు మించి పనిలేక యుండరాదు. ఆ బాలుడు 80వ దినమున చిన్నకొలువు సంపాదించి గట్టెక్కెను. అంతవఱకు ఆ యింట నిద్ర లేదు.

విద్యుచ్ఛాస్త్రమున మఱియొక చిక్కు గలదు. అచ్చటి రక్షణశాఖ పనులు పెక్కు పౌరులకే దక్కును. ప్రజలకు బాధ్యత వహించి నమూనాలపై సంతకము చేయువాడు మొదట ప్రాథమికపరీక్షయు, అనుభవానంతరము వృత్తిపరీక్షయు నెగ్గి అనుజ్ఞాపత్రము పొందవలెను. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు, అచ్చట 60. ఇట్టి భేదములను ముందే నేర్చినవాడు ప్రశ్నలకు తడబడడు.

ద్వార మొక్కటియే కాదు. 2014లో మనదేశము వాషింగ్టన్ ఒడంబడికలో పూర్ణసభ్యత్వము పొందెను. అందు గుర్తింపు పొందిన పాఠ్యక్రమముల పట్టములకే ఆ మేలు. జర్మనీ 2024 జూన్ 1 నుండి, అర్హులు అచ్చటికేగి యేడాదివఱకు ఉద్యోగము వెదకుకొను నవకాశ మొసగెను. కళాశాలలో చేరుటకు ముందే ఆ గుర్తింపును విచారింపవలయును.

దాతలారా! పొలమమ్మి పంపుట త్యాగమే. తెలిసి పంపుట వివేకము. మన విద్యానిధి వేతనములతో పాటు, పరదేశముల స్థిరపడిన మనవారిచే సలహా లిప్పించు ఏర్పాటునుగూడ బాలబాలికలకు సమముగా చేయవలెనని ప్రార్థించుచున్నాము. ఒక దీపము వెలిగిన నది పది దీపములు వెలిగింపవలెను గదా!