జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్
పీహెచ్‌డీలో చేరేవారికి యూజీసీ ఇచ్చే పరిశోధక వేతనం. వాడుకలో జేఆర్‌ఎఫ్. జాతీయ అర్హత పరీక్ష (నెట్)లో పై వరుసలో నిలిచినవారికే దక్కుతుంది. ఆ తరువాతివారు సహాయ ఆచార్య పదవికో, పీహెచ్‌డీ ప్రవేశానికో అర్హులవుతారు. నెట్ సబ్జెక్టుల్లో తెలుగు కూడా ఉంది. విజ్ఞాన శాస్త్రాలకు సీఎస్‌ఐఆర్ ద్వారా విడిగా పరీక్ష ఉంటుంది.

2023 జనవరి 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000. పని తీరు పరిశీలించాక సీనియర్ ఫెలోగా రూ.42,000. మొత్తం గడువు ఐదేళ్లు. హాస్టల్ దొరకనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. ఏటా ఇచ్చే కంటింజెన్సీ చిన్న మొత్తమే అయినా పుస్తకాలకు, క్షేత్ర పర్యటనలకు అదే ఆధారం. ఇంటికి డబ్బు పంపక తప్పని పిల్లలు చాలామంది పరిశోధనలో నిలబడగలుగుతున్నది ఈ వేతనంతోనే. ఏ నెలైనా వేతనం అందకపోతే ముందు ఇబ్బంది పడేదీ వాళ్లే.