గొంతులో అమర్చే శ్వాస పరికరాలు: ఎవరికి క్షేమం, ఎవరికి ముప్పు?

శస్త్రచికిత్సకు ముందు మత్తుమందు వైద్యుడు ‘చివరిసారి ఎప్పుడు తిన్నారు?’ అని అడుగుతారు. సుప్రాగ్లాటిక్ ఎయిర్‌వే పరికరం వాడవచ్చా, లేదా అన్నది చాలావరకు ఆ జవాబుపైనే ఆధారపడి ఉంటుంది.

వీటిలో ప్రసిద్ధమైన లారింజియల్ మాస్క్‌ను బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ బ్రెయిన్ 1981లో రూపొందించారు. ఇది స్వరతంత్రులకు పైభాగానే అమరుతుంది. ఎండోట్రాకియల్ ట్యూబులా శ్వాసనాళంలోకి దిగదు. అందువల్ల అమర్చడం సులువు. అయితే జీర్ణాశయం నుంచి పైకి వచ్చే ఆహారం, ఆమ్లం ఊపిరితిత్తుల్లోకి చేరకుండా పూర్తి రక్షణ ఇవ్వదు.

తేలికపాటి ఆహారం తీసుకుని 6 గంటలు, నీరు తాగి 2 గంటలు గడిచిన ఆరోగ్యవంతులకు, ముందుగా నిర్ణయించిన చిన్న శస్త్రచికిత్సల్లో ఇది సాధారణంగా క్షేమకరం. పేగుల్లో అవరోధం ఉన్నవారికి, నిండు గర్భిణులకు, భోజనం చేసిన కొద్దిసేపటికే ప్రమాదానికి గురైనవారికి ట్యూబునే ఎంచుకుంటారు. దీర్ఘకాల మధుమేహంలో ఉపవాసమున్నా కడుపు ఖాళీ కాకపోవచ్చు. ఆ సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి. స్వరతంత్రుల దిగువన అడ్డంకి ఉంటే మాస్క్ వల్ల ప్రయోజనం ఉండదు.

ప్రోసీల్, ఐ-జెల్ వంటి కొత్త తరం పరికరాల్లో జీర్ణాశయ ద్రవాలు బయటికి పోయే మార్గం ఉంది. ముప్పు తగ్గిందే తప్ప తొలగలేదు.

ఈ నియమం తలకిందులయ్యే సందర్భం ఒకటుంది. ట్యూబు వేసే ప్రయత్నాలు విఫలమై రోగి రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంటే, కడుపు నిండుగా ఉన్నా ఈ పరికరాన్నే ఆశ్రయిస్తారు. ఆక్సిజన్ అందని మెదడు నిమిషాల్లోనే దెబ్బతింటుంది.