వ్యక్తిగత గ్రంథసంచయాలు - సూచీకరణ: కడప, కర్నూలు నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు సాహిత్య చరిత్ర రచనకు ఆధారమైన పుస్తకాలలో పెద్ద భాగం ఏనాడూ గ్రంథాలయాల్లో లేదు. అవి పండితుల ఇళ్ళలో, ఉపాధ్యాయుల బీరువాల్లో, పత్రికా సంపాదకుల అటకల మీద ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. ఏ పుస్తకం ఏ అరలో ఉందో యజమానికి తెలుసు. ఆయన ఉన్నంతవరకు ఆయన జ్ఞాపకమే గ్రంథసూచి. ఆయన తరువాత ఆ పుస్తకాల విలువ వారసులకు తెలియాలంటే ఏదో ఒక పట్టిక కావాలి. అది లేనిచోట పుస్తకాలు తూకానికి పోయిన ఉదంతాలు రాయలసీమలో పరిశోధన చేసిన ప్రతివారికీ పరిచితమే. ఇటీవలి దశాబ్దాలలో ఈ పట్టికను ఇంటి కంప్యూటరులో తయారు చేసుకొనే వీలు కలిగింది. దీన్ని కేవలం సాంకేతిక సౌకర్యంగా చూడడం పరిపాటి. కాని కడప, కర్నూలు ప్రాంతాల గ్రంథసేకరణ చరిత్ర వెలుగులో చూసినప్పుడు, పట్టికలో ఏమి రాయాలి, ఏ లిపిలో రాయాలి, ఎవరి పేరు ముందు రాయాలి అన్నవి రెండు వందల ఏళ్ళుగా నలుగుతున్న సాహిత్య ప్రశ్నలేనని తెలుస్తుంది.

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884). 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఆయన కడపకు వచ్చాడు. తరువాత మచిలీపట్నం, రాజమండ్రి తదితర ప్రాంతాల్లో పనిచేసి, 1820ల రెండవ భాగంలో మళ్ళీ కడపకు చేరాడు. అక్కడ ఒక బంగళా కొని, పండితులను, వ్రాయసగాళ్ళను సొంత జీతాలతో నియమించి, రాతప్రతుల సేకరణను, పరిష్కరణను ఒక కార్యాలయపు పనిలా నడిపించాడు. ఆ పండితవర్గంపై పర్యవేక్షణ అయోధ్యాపురం కృష్ణారెడ్డిది. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ళనుంచి ప్రతులు తెప్పించడం, వాటిని పోల్చి పాఠాంతరాలు గుర్తించడం, కాగితంపై శుద్ధప్రతి రాయించి బైండు చేయించడం అక్కడి పని క్రమం. ఇది ప్రభుత్వ పథకం కాదు, ఒక వ్యక్తి అప్పులపాలవుతూ నిర్వహించిన సొంత గ్రంథసంచయం.

సూచీకరణ దృష్టితో చూస్తే బ్రౌను పద్ధతిలో ఒక విశేషం ఉంది. ఆయనకు 'పుస్తకం', 'ప్రతి' వేర్వేరు. వసుచరిత్ర అనే కావ్యం ఒకటే, దాని ప్రతులు అనేకం. ఒక్కొక్క ప్రతికి వచ్చిన ఊరు, రాసిన చేయి, లోపించిన ఆకులు వేరు. ఈ తేడా పాటించకపోతే పరిష్కరణ సాధ్యం కాదు. వేమన పద్యాల విషయంలో దీని ఫలితం స్పష్టంగా కనబడుతుంది. 1829 ముద్రణలో 693 పద్యాలున్న సంకలనం 1839 నాటికి 1164 పద్యాలకు పెరిగింది. ఏ పద్యం ఏ ప్రతిలో ఉందో లెక్క లేకుండా ఇటువంటి పని జరగదు. నేటి గృహ కంప్యూటరు ప్రోగ్రాములలో చాలా వాటికి ఈ భేదం తెలియదు. వాటి లెక్కలో శీర్షిక, రచయిత, ప్రచురణకర్త ఒకటైతే పుస్తకం ఒకటే. అదే పుస్తకం రెండోసారి చేర్చబోతే 'ఇది ఇప్పటికే ఉంది' అని కొన్ని హెచ్చరిస్తాయి కూడా. పుస్తకాలు కొనేవాడికి ఆ హెచ్చరిక ఉపకారమే కావచ్చు గాని, ఒక ప్రతి అంచుల్లో ఒక పండితుని చేతిరాత ఉన్నప్పుడు ఆ రెండు ప్రతులను ఒకటిగా కలపడం అపకారమే.

బ్రౌను సంచయం కడపలో నిలవలేదు. 1840లలో ఆయన దాన్ని మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అంతకుముందు 1830లలో ఇంగ్లండులో ఉన్న కాలంలో, లండనులోని ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయంలో పట్టించుకొనేవారు లేక పడివున్న దక్షిణాది రాతప్రతులను గుర్తించి మద్రాసుకు తిరిగి పంపించడానికి కారకుడయ్యాడు. ఇవీ, మెకంజీ సేకరణా, బ్రౌను సొంత సేకరణా కలిసి మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి. మెకంజీ సేకరణకు హెచ్.హెచ్.విల్సన్ 1828లో కలకత్తాలో సూచి ప్రచురించాడు. విలియం టేలరు 1857-62 మధ్య మూడు సంపుటాల వివరణాత్మక సూచి వెలువరించాడు. టేలరు వివరణల మీద తరువాతివారికి ఎన్ని అభ్యంతరాలున్నా, ఒక మెప్పు మాత్రం ఆయనకు దక్కాలి: పుస్తకం పొడవు, ఆకుల స్థితి, పురుగు తిన్న సంగతి, అసంపూర్తిగా ఉన్న భాగం ఆయన నమోదు చేశాడు. వస్తువుగా పుస్తకం ఎలా ఉందో చెప్పకుండా అందులోని విషయం మాత్రమే చెప్పే పట్టిక సగం పట్టికే.

మెకంజీ సేకరణ విషయంలో మరొక అంశం గమనించాలి. 1800లో నిజాము నుంచి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాల సర్వే సందర్భంగా సేకరించిన కైఫీయత్తులలో గ్రామాల దేవాలయాలు, చెరువులు, పాలెగాళ్ళు, శాసనాలు నమోదయ్యాయి. ఆ పనిలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల పాత్ర ప్రసిద్ధం. సేకరణకు మాత్రం మెకంజీ పేరు స్థిరపడింది. బ్రౌను పండితులదీ దాదాపు ఇదే కథ. పట్టికలో 'సేకర్త' అన్న గడి ఒకటే ఉంటే అందులో జీతమిచ్చినవాడి పేరు పడుతుంది. ప్రతి రాసినవాడికి, తెచ్చి ఇచ్చినవాడికి, సరిచూసినవాడికి వేరువేరు గడులు కావాలి. ఇది సాంకేతిక విషయంలా కనిపించే చరిత్ర విషయం.

ఇరవయ్యవ శతాబ్ది గ్రంథాలయోద్యమం గురించి ఇక్కడ విస్తరించనవసరం లేదు. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883-1960) ఆ ఉద్యమ నాయకులలో ఒకరు. 1914లో బెజవాడలో ప్రారంభమైన గ్రంథాలయ సంఘం, 1933లో ఎస్.ఆర్.రంగనాథన్ ప్రకటించిన కోలన్ వర్గీకరణ, 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం ఇవన్నీ ప్రజా గ్రంథాలయాల నడకను మార్చాయి. మూడంగుళాలకు ఐదంగుళాల కార్డు, దాని అడుగున రంధ్రం, సొరుగులో ఇనుప కడ్డీ తెలుగు చదువరులకు పరిచయమయ్యాయి. ఇళ్ళలోని సంచయాలకు మాత్రం ఈ పద్ధతి అంతగా అందలేదు. అక్కడ ఎక్సర్‌సైజు నోటుబుక్కే ప్రవేశ పట్టిక. కొన్న క్రమంలో పేర్లు రాసుకొంటూ పోవడం, అరువిచ్చిన పుస్తకం ఎదురుగా మిత్రుని పేరు పెన్సిలుతో రాయడం వాడుక. ఆ పెన్సిలు రాతల వల్ల ఒక్కోసారి ఒక ఊరి సాహిత్య మిత్రమండలి మొత్తం తెలిసిపోతుంది.

కంప్యూటరు ఈ నోటుబుక్కు స్థానంలోకి వచ్చింది. యునెస్కో 1985లో చిన్న కంప్యూటర్లకు అందించిన సి.డి.ఎస్./ఐసిస్ ఉచితంగా లభించడంతో భారతదేశంలోని గ్రంథాలయాలలో విరివిగా వ్యాపించింది. తరువాత దాని విండోస్ రూపం విన్ఐసిస్ వచ్చింది. ఇళ్ళలో డీబేస్, ఆపైన ఎక్సెల్ పట్టికలు, ఇంకా తరువాత టెలికో వంటి స్వేచ్ఛా ప్రోగ్రాములు, 2005 నుంచి లైబ్రరీథింగ్ వాడుకలోకి వచ్చాయి. బార్‌కోడు చూపితే పుస్తకం వివరాలన్నీ వాటంతట అవే వచ్చి కూర్చోవడం వీటిలో అందరినీ ఆకర్షించే సదుపాయం. ఐ.ఎస్.బి.ఎన్. అంతర్జాతీయ ప్రమాణమైంది 1970లో. అంతకు ముందు అచ్చయిన తెలుగు పుస్తకానికి ఆ సంఖ్య ఉండే ప్రసక్తి లేదు, తరువాత రచయితలే సొంతంగా అచ్చువేసుకొన్న పుస్తకాల్లోనూ తరచుగా ఉండదు. రాయలసీమ రచయితల పుస్తకాలు ఎక్కువగా ఈ కోవకు చెందినవే. అంటే యంత్రం చేసిపెట్టే పని అత్యంత సులభంగా దొరికే పుస్తకాలకే ఉపకరిస్తుంది, దొరకని పుస్తకాన్ని చేత్తోనే నమోదు చేయాలి.

చేత్తో నమోదు అనగానే లిపి ప్రశ్న ఎదురవుతుంది. విదేశీ గ్రంథాలయాలు, 1962లో మొదలైన పి.ఎల్.480 పథకం కింద తెలుగు పుస్తకాలు సేకరించినవి కూడా, రోమను లిపిలోనే సూచీకరించాయి. వాటికి ఒక నియతమైన లిప్యంతరీకరణ పద్ధతి ఉంది. ఇంట్లో పట్టిక వేసుకొనేవారికి అది లేదు. ఒకరు పుట్టపర్తిలోని 'తి'ని ఒక విధంగా రాస్తే మరొకరు మరో విధంగా రాస్తారు. 2005లో ఇంగ్లీషు వర్ణక్రమం అధికారికంగా మారడానికి ముందు, తరువాత అచ్చయిన పుస్తకాల్లో కడప అన్న ఊరే రెండు ఊళ్ళుగా పట్టికలో చేరుతుంది.

తెలుగులోనే టైపు చేసినవారి పరిస్థితి ఇంతకంటె క్లిష్టం. 1991లో ఇస్కీ భారతీయ ప్రమాణంగా వెలువడింది, యూనికోడు తొలి సంపుటిలోనూ తెలుగుకు చోటు దక్కింది. అయితే డి.టి.పి. కేంద్రాల్లోనూ ఇళ్ళల్లోనూ చాలాకాలం రాజ్యమేలినవి అను వంటి ఫాంట్లు. వాటిలో 'క' అనే అక్షరానికి సంకేతం లేదు, తలకట్టుకు, ఒత్తుకు, గుడికి, కొమ్ముకు విడివిడిగా ఇంగ్లీషు అక్షరాల స్థానాలు ఉంటాయి. తెరమీద తెలుగు కనబడుతుంది, లోపల ఉన్నది తెలుగు కాదు. అకారాది క్రమంలో పెట్టమంటే యంత్రం ఆ ముక్కల క్రమంలో పెడుతుంది. ఫాంటు లేని మరో కంప్యూటరుకు తీసుకుపోతే అర్థంలేని గుర్తులు మిగులుతాయి. అందువల్ల పదేళ్ళు శ్రమించి వేసిన పట్టిక ఉండి కూడా లేనిదయ్యే ప్రమాదం ఏర్పడింది. 2000 ప్రాంతాల పోతన, వేమన యూనికోడు ఖతులు రావడం, విండోస్ ఎక్స్‌పి తరువాత వ్యవస్థలోనే తెలుగుకు తోడ్పాటు లభించడం ఈ స్థితిని మార్చాయి. యూనికోడు సంకేతాల వరుస తెలుగు నిఘంటు క్రమానికి చాలావరకు దగ్గర: అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఆపైన సంయుక్తాక్షరాలు. సున్న సంకేతం అచ్చులకంటె ముందుండడంతో 'అంకం' 'అకలంకం' కంటె ముందు వస్తుంది. అరసున్నకు చోటుంది, ఱకారానికి చోటుంది. బ్రౌను నిఘంటువులో దంత్య చ, జలకు వాడిన ౘ, ౙ లకు మాత్రం 2008 దాకా స్థానం దొరకలేదు.

యంత్రానికి లిపి వచ్చినా భాషా సంప్రదాయం రాదు. రచయిత పేరులో చివరి మాటను ఇంటిపేరుగా గ్రహించే ప్రోగ్రాములో 'రాచమల్లు రామచంద్రా రెడ్డి', 'కేతు విశ్వనాథ రెడ్డి' అని విడదీసి రాస్తే ఇద్దరూ 'రెడ్డి' కింద చేరతారు. కడప జిల్లా సాహిత్యమంతా ఇంచుమించు ఒకే రచయిత రాసినట్లు పట్టిక తయారవుతుంది! తెలుగు పాఠకుడు వెతికేది రాచమల్లు కోసం, లేదా అంతకంటె పరిచితమైన 'రా.రా.' కోసం. కలంపేరుకు, అసలు పేరుకు లంకె వేసే గడి ఉండాలి. గ్రంథ - గ్రంధ, వ్రాత - రాత వంటి రూపభేదాలనూ అదే విధంగా కలపాలి. ముఖపత్రం మీది రూపాన్ని సరిదిద్దకుండా యథాతథంగా ఉంచి, వెతకడానికి పనికివచ్చే రూపాన్ని పక్కన ఇవ్వడమే పరిష్కర్తల పద్ధతికి అనుగుణం.

కాలం విషయమూ ఇంతే. పాత ముద్రణలలో, రాతప్రతులలో ఉండేది సంవత్సర నామం. 'ఈశ్వర' అంటే 1877-78 కావచ్చు, 1937-38 కావచ్చు. నాలుగంకెలు మాత్రమే తీసుకొనే గడిలో నింపవలసి వచ్చినప్పుడు సూచీకర్త తన ఊహను వాస్తవంగా నమోదు చేస్తాడు, ఆ ఊహను తరువాతి పరిశోధకుడు ప్రమాణంగా ఉదాహరిస్తాడు. ఒకే బైండింగులో భారతి సంచికలు, ఒక శతకం, ఒక సభ ఆహ్వానపత్రం ఉన్నప్పుడు 'ఒక వరుస - ఒక పుస్తకం' అన్న పట్టిక నియమం కూలిపోతుంది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం ఈ చిక్కును మరోవైపు నుంచి పరిష్కరించింది: అక్కడ సూచీకరణకు మూలాంశం పుస్తకం కాదు, కథ. పత్రిక సంచికలోని కథ, సంపుటిలోని అదే కథ రెండూ పరస్పరం తెలిసేలా నమోదు చేయడం వల్ల పత్రికా పాఠానికీ సంపుటి పాఠానికీ మధ్య తేడాలు పరిశీలించే వీలు కలిగింది.

కడపలో బ్రౌను నివసించిన చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో గ్రంథాలయం వెలసింది. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలో సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. ఇటువంటి కేంద్రాలకు వ్యక్తుల సంచయాలు దానంగా చేరినప్పుడు పుస్తకాలు విషయానుసారం అరల్లో సర్దుకొంటాయి. పాఠకుడికి అదే సౌకర్యం. కాని ఒక పండితుడు ఏయే పుస్తకాలు కలిపి చదివాడు, వేటి పక్కన వేటిని పెట్టుకొన్నాడు అన్న సమాచారం ఆ క్షణంలో పోతుంది. దాత ఇంట్లో వేసిన పట్టికను, అది నోటుబుక్కయినా ఫైలయినా, పుస్తకాలతోపాటు స్వీకరించి, ప్రతి పుస్తకానికి దాత పేరు, ఆ పట్టికలోని పాత సంఖ్య గుర్తించినట్లయితే చెదిరిన సంచయాన్ని కాగితం మీదనైనా తిరిగి నిలబెట్టవచ్చు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. వానకోసం ఎదురుచూసే సీమలో ఇళ్ళలోని కాగితం నీటిపాలైంది. పుస్తకం ఉన్న గదిలోనే నోటుబుక్కు, ఆ బల్లమీదనే కంప్యూటరు ఉన్న ఇంట్లో మూడూ ఒకేసారి తడుస్తాయి. బ్రౌను సేకరణ కడప నుంచి తరలిపోయినా ఏమేమి ఉన్నదో ఈనాటికీ చెప్పగలగడానికి కారణం టేలరు సూచి అచ్చయి అనేక చోట్లకు చేరడమే. గృహ ప్రోగ్రాములు తమ సొంత రూపంలో భద్రపరిచే ఫైలును ఆ ప్రోగ్రామే తెరవగలదు. అదే పట్టికను కామాలతో వేరుచేసిన సాదా పాఠంగా, యూనికోడులో, బయటికి తీసే వీలు దాదాపు అన్నిటిలో ఉంది. పాత ఆన్సీ సంకేతంలో భద్రపరిస్తే మాత్రం తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి గనుక ఎంపికలో జాగ్రత్త అవసరం. ఏడాదికి ఒకసారి ఆ ఫైలు ఒక నకలు, దాని అచ్చుప్రతి ఒకటి, వేరే ఊరిలోని మిత్రుని ఇంట్లోనో దగ్గరి విశ్వవిద్యాలయ తెలుగు శాఖలోనో ఉంచడానికి అయ్యే ఖర్చు ఒక పుస్తకం వెలకు మించదు.